వంతు గాలి

61వ రోజు

లెక్కలు చూసే యంత్రం కాటాకి పంపే రోజువారీ నివేదిక వేరు. ఇది నా సొంత నోటుబుక్కు. కాగితం మీద రాసింది కాటా చదవలేదు కాబట్టి ఇక్కడ నేను కాస్త నోరు పారేసుకోవచ్చు.

పొద్దున ఆరింటికే దుమ్ముగంట మోగింది. కిటికీలన్నిటికీ తడిగుడ్డలు కట్టి, టిఫిన్‌కి ఉగ్గాని చేసి, పదకొండు మంది మణికట్టు పట్టీల మీద ఊపిరి అంకెలు చూసి, సీసాలు పంచి కూచునేసరికి తొమ్మిది. అప్పుడొచ్చింది గోడతెర మీద కాటా కబురు. "రెండు వర్గాల ఊపిరి అంకెల మధ్య తేడా: ఒకటి. డెబ్బై అయిదో రోజు మధ్యాహ్నం పన్నెండుకు తేడా ఆరుకు చేరకపోతే పరీక్ష నిలిపివేయబడును."

ఒళ్ళు మండిపోయింది.

మందు పరీక్ష కోసం ఈ కేంద్రంలో నేను నర్సుగా చూసుకుంటున్న పదకొండు మందీ పలకలగుట్ట యార్డులో నలభై ఏళ్ళు పనిచేసినవాళ్ళు. కాలం తీరిన సూర్యపలకల్ని పగలగొట్టడం వాళ్ళ పని. ఆ గాజుపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. ఇప్పుడు దానికి ఒక కొత్త మందు వచ్చింది, ఆవిరిలా పీల్చాలి. అయిదు సీసాల్లో మందు ఉంటుంది, ఆరింటిలో ఉప్పునీళ్ళు. ఎవరి సీసాలో ఏముందో నాకు తెలియదు, వాళ్ళకు తెలియదు, పరీక్ష నడిపే డాక్టరమ్మకూ తెలియదు. కాటాకి ఒక్కదానికే తెలుసు. ఆ యంత్రానికి ఏదో పొడుగాటి పేరుంది గానీ, యార్డు గేటు దగ్గర లారీలను తూచే కాటా పేరే వీళ్ళు దీనికీ పెట్టేశారు.

తేడా ఒకటి అంటే మందూ ఉప్పునీళ్ళూ ఒకటేనని అర్థం. అయితే పదకొండు మందీ ఎందుకు బాగుపడ్డారట? దీక్షిత్ తాతకు ఎనభై ఒకటి. వచ్చిన రోజు కుర్చీలో మోసుకొచ్చారు. ఇప్పుడు వరండా దాకా నడిచిపోయి, ఊడ్చే మిషన్‌కి కాలు అడ్డం పెట్టి దాన్ని ఏడిపిస్తున్నాడు. కాటా లెక్క ఏమిటంటే, అందరూ బాగుపడ్డారు కాబట్టి అది మంచి తిండి, శుభ్రమైన గాలి చేసిన పని, మందుది కాదు.

"అట్లయితే నా ఉగ్గానినే మందుగా అమ్ముకోండి" అని నివేదికలో రాశాను.

పరీక్ష ఆగితే సీసాలు వెనక్కి పోతాయి. వీళ్ళకు మళ్ళీ కుర్చీలే గతి. చుట్టుపక్కల పలక ఊళ్ళలో ఇంకో నాలుగు వందల మంది దగ్గుతూ ఈ మందు కోసం కూచుని ఉన్నారు. ఇక్కడ ఓడిపోతే వాళ్ళకూ అంతే.

63వ రోజు

డాక్టర్ వకుళ గోడతెర మీదికి వచ్చింది. మంచి మనిషి, గొంతు పెంచదు. అదే నాకు ఇంకా భయం.

"ఓబుళమ్మగారూ, సీసాలు ఎక్కడైనా తారుమారయ్యాయా?"

"నా చేతిలోనా? ముప్పై ఏళ్ళ నర్సుని, డాక్టరమ్మా."

"తప్పుపట్టడం లేదు. వెతకమంటున్నాను."

వెతికాను. సీసా నంబర్లు, చలిపెట్టె వేడి, పట్టీల నంబర్లు అన్నీ రెండుసార్లు చూశాను. ఒక్కటీ తప్పలేదు. పైగా ఎవరి సీసా వాళ్ళ బొటనవేలు పెడితేనే తెరుచుకుంటుంది. తారుమారు ఎలా అవుతుంది? అయినా మధ్యాహ్నం ఇంకోసారి చూశాను. నా నిర్లక్ష్యం వల్లనే పోయిందని రేపు ఎవరైనా అంటే ఏం చెప్పను?

ఇవాళ సీసాలందుకుంటూ లాస్యవ్వ నా మొహం చూసి అడిగింది. ఆమె ఈ ముఠాకు మేస్త్రి. డెబ్బై ఎనిమిదేళ్ళొచ్చినా ఇప్పటికీ ఆమె మాటే చెల్లుబాటు. "ఏం పాపా, మొగం అట్ల పెట్టుకున్నావు? నిద్ర పట్టలేదా?"

ఆమె పేరు లాస్య, వాళ్ళ జట్టులో దీక్షిత్, ఫయాజ్, మోక్షిత. వాళ్ళు పుట్టినప్పుడు అవన్నీ ముద్దుపేర్లు. ఇప్పుడు ఆ పేర్లవాళ్ళంతా పళ్ళూడిన ముసలివాళ్ళు. మా అమ్మ మాత్రం నాకు వెతికి వెతికి ఓబుళమ్మ అని పాత పేరు పెట్టింది. దాని మీద వీళ్ళు రెండు నెలలుగా నన్ను ఆటపట్టిస్తున్నారు. ఇవాళ నవ్వడానికి కూడా మనసు రాలేదు.

64వ రోజు

దొరికింది. అయ్యో దేవుడా, దొరికింది.

మందు పీల్చే సమయంలో హాలు తలుపు మూసి ఉంటుంది. మూడో వారంలో వాళ్ళు అడిగారు. ముసలివాళ్ళం, కఫం ఉమ్ముతాం, నీ ముందర సిగ్గు పాపా అన్నారు. పెద్దవాళ్ళ సిగ్గు కదా అని సరేనన్నాను. ఇవాళ కొత్త తువ్వాళ్ళు ఇవ్వాలని తలుపు తోసుకుని వెళ్ళాను.

పదకొండు మందీ గుండ్రంగా కూచున్నారు. ఫయాజ్ తాత బొటనవేలు సీసా మీద ఉంది. సీసా మూతి మాత్రం దీక్షిత్ తాత నోట్లో ఉంది. లాస్యవ్వ పైకి లెక్కపెడుతోంది. "ఏడు, ఎనిమిది, తొమ్మిది, చాలు. ఇంగ మోక్షితకియ్యి."

నేను అరిచిన అరుపుకు ఊడ్చే మిషన్ కూడా ఆగిపోయింది.

"ఏంటికట్ల అరుస్తావు? ఇట్లొచ్చి కూచో" అంది లాస్యవ్వ.

"కూచోవాలా? ఏం చేస్తున్నారో తెలుస్తోందా మీకు?"

"వంతు తీసుకుంటాండాం. యార్డులో మేం పదకొండు మందిమి. మాస్కులు అయిదే ఇచ్చినారు. నూరు లెక్కపెట్టేదాకా ఒకరికి, మళ్ళ ఇంకొకరికి. నలబై ఏండ్లు అట్లే చేసినాం. ఒకరికి గాలి ఉండి పక్కనోనికి లేకపోతే మాకు కూడు దిగదు పాపా."

"ఎవరిది మందో ఎవరిది ఉప్పునీళ్ళో మీకెలా తెలిసింది?"

"దగ్గు వింటే తెలీదా? పదైదు దినాలకే ఫయాజు దగ్గు తగ్గిపాయ. నాదీ తగ్గె. ఇంగా ముగ్గురిది తగ్గె. ఈ దీక్షితుగానిది తగ్గలేదు. అంతే, లెక్క తేలిపాయ."

కాటా తప్ప ఇంకెవరికీ తెలియకూడని రహస్యం వీళ్ళు దగ్గు విని పదిహేను రోజుల్లో పట్టేశారు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"మీ సీసా ఇతరులకు ఇవ్వకూడదని మొదటి రోజే చదివి వినిపించాను కదా అవ్వా!"

"ఇతరులకు ఎవురిచ్చినారు? మావోళ్ళకే కదా ఇచ్చినాం."

కోపం ఎవరి మీద చూపించాలో అర్థం కాలేదు. ఆ కాగితం గబగబా చదివి వేలిముద్రలు వేయించింది నేనే. తలుపు మూసుకోమన్నది నేనే. వీళ్ళు ఒకరినొకరు బతికించుకుంటూ మందుని చంపేస్తున్నారు, ఆ సంగతి వాళ్ళకు తెలియదు. కూచోబెట్టి అదే చెప్పాను. అందరూ సమానంగా బాగుపడితే మందు పనికిరానిదని కాటా అనుకుంటుందని చెప్పాను. లాస్యవ్వ ఫయాజ్ తాత సీసా అందుకుని మూత పెట్టేసింది.

65వ రోజు

దాచిపెడదామా అని పొద్దున ఒక గంట ఆలోచించాను. ఆ సంగతి ఇక్కడైనా ఒప్పుకుంటాను. తర్వాత డాక్టరమ్మకు అంతా చెప్పేశాను. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "కాటాకి చెప్పక తప్పదు" అంది చివరికి. తానే చెప్పింది.

సాయంత్రానికి జవాబు వచ్చింది. రేపటి నుంచి పది రోజులు ఎవరి సీసా వాళ్ళే పీల్చాలి, హాల్లో కెమెరా ఉండాలి. ఆ పది రోజుల అంకెలే లెక్కలోకి వస్తాయి. గడువు మారదు.

"ఇంకో నెల ఇస్తే దాని సొమ్మేం పోయింది?" అన్నాను.

"మొదటి సీసా తెరవకముందే నియమాలు రాసిపెట్టాం, ఓబుళమ్మగారూ. ఆట మధ్యలో గీత జరిపితే ఆ ఫలితాన్ని ఎవరూ నమ్మరు."

నిజమే. నిజమైనందుకు ఇంకా మంట.

ఇంకో నియమం కూడా ఉంది. ఎవరి ఊపిరి అంకె అయినా ఎనభై రెండు కంటే కిందికి పోతే నేను ఎర్రమీట నొక్కాలి. ఎగిరేబండి వచ్చి ఆ మనిషిని జిల్లా ఆసుపత్రికి తీసుకుపోతుంది. అలా పోయినవాళ్ళు లెక్కలోంచి కూడా పోతారు. మీట కాటా నొక్కదు. ముసలివాళ్ళను కదిలించే నిర్ణయం మనిషి చేతిలోనే ఉండాలని చట్టం. వద్దనుకున్నవాళ్ళు ఎప్పుడైనా "చాలు" అని బయటికి పోవచ్చు.

పట్టీల మీద ఇవాళ్టి అంకెలు రాసుకున్నాను. దీక్షిత్ తాతకు తొంభై.

66వ రోజు

అంతా చెప్పాను. ఏమీ దాచలేదు. ఈ పది రోజుల్లో ఉప్పునీళ్ళవాళ్ళు దిగజారితేనే మందు గెలుస్తుందని కూడా చెప్పాను.

"కుదర్దు" అంది లాస్యవ్వ. "నేను మందు పీలుస్తా కూచుంటే, ఎదురుగా వీడు ఊపిరి ఎగబోస్తా కూచుంటాడా? పోనీ పరీక్ష. మాకేం అవసరం లేదు."

ఫయాజ్ తాత కూడా సీసా కింద పెట్టేశాడు.

అప్పుడు దీక్షిత్ తాత మాట్లాడాడు. "మే లాస్యా, నీకు బుద్ధుందా? బయట నాలుగు నూర్ల మంది ఉండారు. వాళ్ళు మనోళ్ళు కాదా? నువ్వు నాకు తొమ్మిది దమ్ములిచ్చి వాళ్ళందరికీ లేకుండా చేస్తావా?"

"రేయ్, నువ్వు సచ్చిపోతావురా."

"పది దినాలే కదప్పా. నేను యాడికీ పోను."

ఒక్కొక్కరే కెమెరా ముందుకు పోయి సరేనన్నారు. లాస్యవ్వ అందరికంటే చివర వెళ్ళింది. మందు పీల్చేటప్పుడు ఆమె గోడవైపు తిరిగి కూచుంది.

69వ రోజు

తేడా: రెండు. దీక్షిత్ తాత: ఎనభై ఏడు.

మోక్షితవ్వ మళ్ళీ దగ్గుతోంది. ఉప్పునీళ్ళవాళ్ళలో మిగిలిన నలుగురూ కాస్త కాస్త దిగుతున్నారు. మందు సీసాల వాళ్ళు పూర్తి మోతాదు పీలుస్తూ చక్కగా ఉన్నారు, చక్కగా ఉన్నందుకు సిగ్గుపడుతున్నారు. ఫయాజ్ తాత మెట్లెక్కగలడు. అయినా కావాలని కుర్చీ అడుగుతున్నాడు.

71వ రోజు

తేడా: నాలుగు. దీక్షిత్ తాత: ఎనభై అయిదు. వరండా మానేశాడు. సంగటి రెండు ముద్దలు తినడానికి అరగంట పట్టింది. "నీ ఊరిబిండి పచ్చడిలో ఉప్పు లేదు పాపా" అన్నాడు. ఉప్పు సరిగ్గానే ఉంది. మాటకు మాటకు మధ్య రెండుసార్లు ఊపిరి తీసుకుంటున్నాడు.

"తాతా, చాలు అనేయ్. ఎవరూ ఏమీ అనుకోరు."

"నేననుకుంటా" అన్నాడు.

తేడా నాలుగు అని చూసి పొద్దున ఒక్క క్షణం సంతోషపడ్డాను. నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

74వ రోజు

తేడా: ఆరు.

చేరింది. రేపు పన్నెండింటిదాకా ఇలాగే ఉండాలి. తాతకు ఎనభై మూడు. పెదవుల రంగు నాకు నచ్చడం లేదు. దిండ్లు ఎత్తి కూచోబెట్టి, వీపు రుద్దుతూ మధ్యాహ్నమంతా పక్కనే ఉన్నాను. అతన్ని లెక్కలోంచి తీసేస్తే తేడా ఎంత అని డాక్టరమ్మను అడిగాను. నాలుగు అంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

75వ రోజు

పొద్దుటి నుంచి జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున ఎనిమిదింటికి పట్టీ ఎర్రబడింది. ఎనభై ఒకటి.

పట్టీ తుడిచి మళ్ళీ పెట్టాను. ఎనభై ఒకటే. మీట దగ్గరికి పోయేంతలో తాత నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ మనిషిలో అంత బలం ఎక్కడుందో.

"నాలుగు గంటలు పాపా."

"నాలుగు గంటలా? నాలుగు నిమిషాల్లో పోయినవాళ్ళను చూశాను నేను."

"పోతే పోతా. ఎనబై ఒకటి ఏండ్లు... వచ్చినాయి. నాలుగు నూర్ల మంది... పాపా. నీకు దండం పెడతా." నిజంగానే రెండు చేతులూ ఎత్తబోయాడు.

గోడతెర మీద డాక్టరమ్మ ఉంది. "చెప్పండి డాక్టరమ్మా, ఏం చెయ్యను?" అని అరిచాను. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. "అది మీ చేతిలోనే ఉంది, ఓబుళమ్మగారూ. నేను చెబితే అది నియమం తప్పినట్టే" అంది. లాస్యవ్వ వైపు చూశాను. నలభై ఏళ్ళు ఎవరికి ఎప్పుడు గాలి అందాలో చెప్పిన మనిషి. ఆమె కొంగు మొహం మీదికి లాక్కుంది. ఫయాజ్ తాత మంచం కోడు పట్టుకుని ఏడుస్తున్నాడు.

ఎనభై.

నేను లెక్క వెయ్యలేదు. వేస్తే నాలుగు వందలే పెద్దది, ఆ సంగతి చిన్నపిల్లలకైనా తెలుసు. కానీ ఆ నాలుగు వందల మంది నా ఎదురుగా లేరు. ఈయన ఉన్నాడు, పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగిపోయి ఉన్నాడు. నేను నర్సుని. నా చెయ్యి విడిపించుకుని మీట నొక్కేశాను.

ఇరవై నిమిషాల్లో బండి వచ్చింది. మోసుకుపోతుంటే తాత నన్ను చూసిన చూపు గురించి రాయను.

పన్నెండింటికి గోడతెర మీద అక్షరాలు వచ్చాయి. తేడా: నాలుగు. పరీక్ష నిలిపివేయబడినది.

78వ రోజు

సీసాలు పెట్టెల్లో పెట్టి పంపేశాను. ఇక్కడ మిగిలిన పది మందిలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆసుపత్రికి ఫోన్ చేశాను. బతికే ఉన్నాడు. ఇంకో నాలుగు గంటలు ఆగి ఉంటే ఏమయ్యేదని అక్కడి డాక్టరును అడిగాను. ఎవరూ చెప్పలేరమ్మా అన్నాడు. ఆ జవాబుతో నేనేం చేసుకోవాలి?

89వ రోజు

పరీక్ష లేకపోయినా ముఠా అంతా ఇంకా ఇక్కడే ఉంది, నాకు రోజులు లెక్కపెట్టే అలవాటూ పోలేదు.

దీక్షిత్ తాత వచ్చాడు. వీపుకు గాలిడబ్బా కట్టి, ముక్కుకు గొట్టం పెట్టి పంపారు. కాళ్ళ మీదే నడిచి వచ్చాడు. నేను పళ్ళెం అందిస్తే తీసుకోలేదు. ఫయాజ్ తాత పళ్ళెంలోంచి తిన్నాడు. "నాలుగు నూర్ల మందిని ముంచినావు" అన్నాడు, నా వైపు చూడకుండా. వంటింట్లోకి పోయి గట్టిగా ఏడ్చాను.

103వ రోజు

డాక్టరమ్మ కబురు తెచ్చింది. ఆ పది రోజుల అంకెలు గెలవకపోయినా, చూసినవాళ్ళ కళ్ళు తెరిపించాయట. రెండో పరీక్షకు అనుమతి వచ్చింది, కానీ ఇంతవరకూ మందు ముట్టని అరవై మంది కావాలి. పలక ఊళ్ళలో ఎవరూ ఒప్పుకోవడం లేదు. ఉప్పునీళ్ళు పట్టించి మనిషిని చావు దాకా తీసుకుపోయారని ఊరూరా చెప్పుకుంటున్నారు.

"మేం పోతాం" అంది లాస్యవ్వ. "వంతులు పంచుకోవద్దని మా నోటితో చెప్తేనే వాళ్ళు వింటారు."

దీక్షిత్ తాత కూడా డబ్బా తగిలించుకుని బండెక్కాడు. నన్ను రావద్దని మాత్రం అనలేదు.

105వ రోజు

మొదటి పలక ఊరు, గాజులకొట్టాల. సాయంత్రం నాలుగింటికి రేకులషెడ్డులో ఒక డెబ్బై మంది చేరారు. అందరికీ అదే దగ్గు. డాక్టరమ్మ ఈసారి స్వయంగా వచ్చింది. లాస్యవ్వ అరగంట మాట్లాడింది. ఎవరి సీసా వాళ్ళే పీల్చాలి, పక్కన మొగుడున్నా ఇవ్వకూడదు అని చెప్పింది.

ముందు వరసలో ఒక ముసలామె లేచింది. "మాకొచ్చేది ఉప్పునీళ్ళే అయితే? ఊపిరి ఆడకుండా పోతాంటే మీ లెక్క కోసం మమ్మల్ని అట్లే పండబెడతారా?"

లాస్యవ్వ డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ ఏదో నియమం చెప్పబోయింది. షెడ్డులో గుసగుసలు మొదలయ్యాయి. ఇద్దరు లేచి బయటికి నడిచారు.

దీక్షిత్ తాత గాలిడబ్బా సర్దుకుని నిలబడ్డాడు.

"పండబెట్టరు" అన్నాడు. "నేనే ఆ ఉప్పునీళ్ళ మనిషిని. ఆడ నిలబడుండాదే, ఆ నర్సమ్మ. దాని చెయ్యి పట్టుకోని బతిమలాడినా. దండం పెట్టినా. నాలుగు నూర్ల మందికి మందు లేకుండా పోతాదే అని చెప్పినా. వినలేదు. నొక్కేసింది." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "నాకు దానిమీద ఇప్పటికీ కోపమే. సచ్చేదాకా ఉంటాది. అయితే మీరు భయపడాల్సిన పని లేదు. మీ పానం మీదికి వస్తే అది మీ మాట కూడా వినదు."

ముందు వరస ముసలామె నా దగ్గరికి వచ్చి నా మొహంలోకి చూసింది.

"నువ్వేనా?"

"నేనే అవ్వా."

"ఆ పరీక్షలో కూడా నువ్వే ఉంటావా?"

"ఉంటాను."

ఆమె బొటనవేలు చాపింది. రాత్రి పదకొండయ్యేసరికి నలభై మూడు ముద్రలు పడ్డాయి. ఈసారి కాగితంలో ప్రతి మాటా నిదానంగా, ఒక్కొక్కరికీ విడిగా చదివి వినిపించాను. గొంతు బొంగురుపోయింది.

తిరుగు బండిలో నా పక్క సీటు ఖాళీగానే ఉంది. దీక్షిత్ తాత దాన్ని చూసి, వెనక్కి పోయి ఫయాజ్ తాత పక్కన కూచున్నాడు. దారి పొడుగునా ఆయన గాలిడబ్బా చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. నాతో మాట్లాడకపోతే మానె, ఆ చప్పుడు వినబడితే చాలు నాకు.